ఇరవై ముడులు

కినుయో ఆ పట్టీని ఎక్కడ దాచిందో పాఠకులు మరిచిపోయి ఉండరు. పరుపు మడతలో, దిండు కింద. కనజావా నుంచి మూడు రోజులు రైళ్లు మారి, పట్టాలు తెగిన చోటల్లా దిగి నడిచి, దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఈ విమానాల ఊరికి భర్తను చూడటానికి వచ్చింది ఆవిడ. భర్త లెఫ్టినెంటు సెయిగో మినోబే ఒక్క గంట సెలవు మీద సత్రానికి వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్లగానే మడతపెడదామని చొక్కా తీసింది. దాని కింద వెయ్యి ముడుల పట్టీ కనిపించింది. రెండేళ్ల కిందట తాను కుట్టించి ఇచ్చినది కాదు. ఇంకెవరిదో. ఎవరిదని అడిగేలోపే సైకిలు మీద సిపాయి వచ్చి పిలవడం, సెయిగో తడి తలతోనే చొక్కా తగిలించుకుని పరుగెత్తడం జరిగిపోయాయి. వాన తగ్గకపోతే రేపు మూడింటికి వస్తానన్నాడు. తగ్గితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

తెల్లారింది. వాన తగ్గలేదు.

వాన పడుతున్నంతసేపూ విమానాలు లేవవు. లేచిన విమానం ఒకినావా దగ్గర శత్రువు ఓడ మీద పడాలి, లోపల ఉన్న మనిషితో సహా. అందుకే ఆ ఊళ్లో జూన్ వానను తిట్టేవాళ్లు లేరు. బట్టలు ఆరకపోయినా, చాపలు బూజు పట్టినా నోరెత్తరు. కినుయో కూడా దారి పొడవునా ఆ వానకే మొక్కుకుంటూ వచ్చింది. తీరా ఈ పొద్దున లేచాక ఆకాశం వంక చూడటమే మరిచిపోయింది. అసూయ అలాంటి జబ్బు. మొగుడి ప్రాణం కంటే మొగుడి నడుముకున్న గుడ్డముక్క పెద్దదైపోతుంది.

తలుపు గడియ వేసుకుని పట్టీని చాప మీద పరిచింది. జానెడు వెడల్పున తెల్లటి నూలుగుడ్డ, దాని నిండా ఎర్రదారంతో వేసిన ముడులు, వరుసలు వరుసలుగా. ఒక్కో ఆడమనిషి ఒక్కో ముడి వేస్తుంది. వెయ్యిమంది వేశాక మగవాడు దాన్ని పొట్టకు కట్టుకుని యుద్ధానికి పోతాడు, ఆ వెయ్యిమంది పుణ్యాన తిరిగొస్తాడు. కినుయో కనజావాలో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే పంతులమ్మ. తొమ్మిదేళ్లుగా పిల్లల కుట్లు దిద్దిన మనిషి. మనకు మొహాలు ఎలాగో ఆవిడకు ముడులు అలాగ. ఇది బిగువు చెయ్యి, ఇది వణికే చెయ్యి, ఇది పనిమీద ధ్యాస లేనిది అని చూడగానే చెప్పేస్తుంది.

కింది వరుసలో ఎడమవైపు చివర ఆవిడ వేలు ఆగిపోయింది. అక్కడ వరుసగా ఇరవై ముడులు ఒకే చేతివి. అందరూ దారాన్ని సూదికి ఒకవైపు చుడితే, ఈ మనిషి రెండోవైపు చుట్టింది. అంటే ఎడమచేతి వాటం.

ఒకరికి ఒక్క ముడే అనే నియమం పులి ఏడాదిలో పుట్టినవాళ్లకు లేదు. పులి ఎంత దూరం పోయినా తన గుహకు తిరిగొస్తుందని, ఆ ఏడాది పుట్టిన ఆడవాళ్ల చేత వాళ్లకు ఎన్నేళ్లుంటే అన్ని ముడులు వేయిస్తారు.

"ఇరవై ఏళ్లు. పులి ఏడాది. ఎడమచెయ్యి," అని పైకే అనుకుంది కినుయో. పోలీసులకు దొంగ గురించి ఇంతకంటే ఎక్కువ ఆనవాళ్లు దొరకవు.

తనకు ఇరవై ఏడు. ఆ లెక్క చటుక్కున మనసులో మెదిలింది. ఏడేళ్లు చిన్నది! ఎలా ఉంటుందో? సన్నగా ఉంటుందా? నవ్వితే బుగ్గలు సొట్టపడతాయా? ఎడమచేత్తో సాకే సారా పోస్తూ ఉంటే ఈయన "అదేం చెయ్యి?" అని వేళాకోళం చేసి ఉంటాడు. కొత్తలో సూదిపోట్లతో గట్టిపడ్డ తన బొటనవేలు చూసి అలాగే వేళాకోళం చేశాడు కాబట్టి ఆవిడకు తెలుసు.

మొగుడి విషయంలో అసూయ కినుయోకు కొత్త కాదు. పెళ్లయిన రెండేళ్లలో ఆయన ఇంట్లో ఉన్నది నలభై రోజులు. మిగతా రోజులన్నీ విమానాలవి, కుర్రాళ్లకు ఎగరడం నేర్పే కొలువువి. మార్చిలో ఆ కొలువువాళ్లే, ఓడల మీద పడే దళంలో చేరతారా అని ఒక కాగితం పంచారు. గట్టిగా కోరుకుంటున్నాను, కోరుకుంటున్నాను, లేదు - ఈ మూడింట్లో ఒకదాని మీద సున్నా చుట్టాలి. సెయిగో మొదటిదాని మీద చుట్టాడు. పెళ్లాన్ని ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి ఉత్తరంలో మూడో పేజీలో, అత్తగారి మోకాళ్ల నొప్పులకూ పెరట్లో ముల్లంగికీ మధ్య రాశాడు. ఆ కాగితం మీద కూడా అసూయ పడింది కినుయో. సముద్రం మీద పడింది. ఊరి చివర నిలబడి చేతులూపే బడిపిల్లల మీద పడింది. పత్రికలవాళ్లు ఈ విమానాలవాళ్లను బతికున్న దేవుళ్లని రాస్తున్నారు. దేవుడిగారి సాక్సుకు రెండు చిల్లులున్నాయి, నిన్న సాయంత్రం తనే కుట్టింది. దేశం అడిగితే ఇవ్వనని ఏ పెళ్లామూ అనలేదు. కాని ఇరవై ఏళ్ల పిల్లకు కూడా వాటా ఉందంటే ఎవరు ఊరుకుంటారు?

ఇంకో ముల్లు కూడా ఉంది. తన పట్టీ. దానికోసం మంచు పడే రోజుల్లో అసానో నది వంతెన మీద పదిహేడు రోజులు నిలబడింది. పులి ఏడాది ఆడవాళ్లు వచ్చి "నాకు ముప్ఫై, ముప్ఫై వేస్తాను" అంటే, "వద్దండీ, ఒక్కటే వేయండి" అని మొహం మీదే చెప్పింది. అది దొడ్డిదారి అనిపించింది ఆవిడకు. వెయ్యంటే వెయ్యిమంది. అలా నిక్కచ్చిగా నిండిన పట్టీ ఆ ఊళ్లో ఇంకొకటి లేదని అత్తగారు నలుగురిలో గొప్పగా చెప్పుకుంది కూడా. ఆ పట్టీ ఏదీ? దాన్ని తీసేసి ఎవతెదో కట్టుకున్నాడా?

కినుయో పట్టీని మడిచి చేతిమడతలో దోపుకుని కిందికి దిగింది.

సత్రం నడిపే సవా పిన్ని వంటింట్లో చిలగడదుంపలు ఉడకబెడుతోంది. అరవై దాటిన మనిషి. ఇద్దరు కొడుకులూ బర్మాలో ఉన్నారు.

"రా తల్లీ, కూచో. బియ్యం నిండుకున్నాయి, దుంపలే. మీ ఉత్తరాదివాళ్లకు సయిస్తాయో లేదో."

"సయిస్తాయి పిన్నిగారూ. మీ ఇంట్లో ఎడమచేత్తో పని చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఇదేం ప్రశ్నే పొద్దున్నే?" అంది సవా పిన్ని, గరిటె పట్టుకునే తిరిగి చూసి. "మా చెల్లెలి కూతురుంది కదా, తొరా. చిన్నప్పుడు ఎన్నో మొట్టికాయలు తిని అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకుంది గాని, సూది మాత్రం ఆ చేతికి రానేలేదు."

పులి ఏడాది పుట్టింది కాబట్టి ఆ పిల్లకు పులి అనే పేరు పెట్టారు. తొరా అంటే పులే. ఇంక కినుయో వయసు అడగలేదు.

"ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? వెనక బట్టలపాకలో. ఆరని బట్టలన్నీ దాని నెత్తినే ఉన్నాయి. ఏం, పనేమైనా ఉందా?"

"చిన్న గుడ్డముక్క, పిన్నిగారూ," అంది కినుయో.

బట్టలపాకలో మూడు కుంపట్లు పెట్టి, పైన వెదుళ్లకు సిపాయిల చొక్కాలు వేలాడదీసి ఉన్నాయి. వాటి మధ్య ఒక పిల్ల బట్టలు పిండుతోంది. కినుయో గుమ్మంలోనే ఆగి తేరిపార చూసింది. సన్నగా లేదు. బుగ్గలు సొట్టపడే రకమూ కాదు. మొహం గుండ్రంగా, కళ్లు ఉబ్బి, ముక్కు మీద పొగమసి. అందగత్తె కాదు. కాకపోతే ఊరట కలగాలి గదా? ఇంకా ఒళ్లు మండింది. అందం చూసి మోసపోయాడంటే ఒక దారి, ఇంత మామూలు పిల్లంటే మనసు పడ్డాడన్నమాటే.

"నువ్వేనా తొరా?"

"నేనే అమ్మగారూ. బట్టలున్నాయా? ఇవాళ వేస్తే ఎల్లుండికి గాని ఆరవు, ముందే చెబుతున్నా."

"ఒకటుంది. ఉతకడానికి కాదు." కినుయో పట్టీ తీసి, ఆ కింది వరుస పైకి వచ్చేలా పట్టుకుంది. "ఈ ఇరవై ముడులూ ఎవరివి?"

తొరా చేతిలోని చొక్కా తొట్టిలోకి జారిపోయింది.

"నావే," అంది.

"ఎంత ధీమాగా చెబుతున్నావే! సిగ్గుగా లేదూ?"

"దేనికమ్మగారూ?"

"దేనికా? పెళ్లయినవాడు. ఇంటి దగ్గర పెళ్లాం ఉంది. మూడు రోజులు రైల్లో నిలబడి వచ్చిన పెళ్లాం! ఆ సంగతి తెలియదా నీకు?"

తొరా నోరు తెరుచుకుని చూసింది. చూసి చూసి ఫక్కున నవ్వింది. ఏడుపు మొహం మీద ఆ నవ్వు ఎలా అతికిందో గాని, అది నవ్వే.

"యనసేకి పెళ్లా? పెళ్లాముందని ఎవరు చెప్పారమ్మగారూ మీకు? వాళ్లమ్మ కోళ్లు కోస్తే చూడలేక పారిపోయేవాడట. వాడికెవరిస్తారు పిల్లని?"

"యనసే ఎవరు?"

"కార్పొరల్ యనసే. ఈ పట్టీ నేను వాడికోసం..." తొరా నవ్వు ఆగిపోయింది. తడి చేతులు బట్టలకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "ఇది మీ దగ్గరికెలా వచ్చింది? మీరు... మినోబే లెఫ్టినెంటు గారి ఇంటావిడా?"

"అవును."

కినుయో గుండెల మీంచి బండ తీసేసినట్టయింది. ఆయన కాదు! ఇంకెవడో యనసే! ఆ పిల్లను కావలించుకోవాలనిపించింది కూడా. ఆ సంబరంలో తొరా కళ్లు మారడం ఆవిడ గమనించలేదు. తను ఇందాకటి వరకు ఏ కళ్లతో ఆ పిల్లను చూసిందో, ఇప్పుడా పిల్ల అవే కళ్లతో తనను చూస్తోంది. పై నుంచి కింది దాకా, చేతుల దగ్గర ఆగి, వేళ్ల దగ్గర ఇంకా ఆగి.

"అయితే ఆ పట్టీ మీదన్నమాట," అంది తొరా మెల్లగా. "యనసే కట్టుకుపోయింది."

"నా పట్టీ యనసే కట్టుకోవడమేమిటి?"

"కూచోండి. చెబుతా. నిలబడి వినే మాట కాదు."

కినుయో కూర్చోలేదు. తొరా కూడా కూర్చోలేదు. కుంపట్ల వేడిలో, సిపాయిల చొక్కాల కింద నిలబడే చెప్పింది.

"ఏప్రిల్ చివర్లో వాడు మొదటిసారి లేచాడు. సగం దారిలో ఇంజిన్లోంచి నూనె కారిందట, తిరిగొచ్చాడు. నాకెంత సంతోషమో! నా పులి లాక్కొచ్చిందని చెప్పి దుంపలు కాల్చి పెట్టాను. మేలో రెండోసారి లేచాడు. మబ్బుల్లో దారి తప్పి మళ్లీ తిరిగొచ్చాడు. ఈసారి కెప్టెన్ హిరాగా అందరి ముందూ చెంపలు వాయించాడు. 'చావంటే భయపడే దేవుడివా నువ్వు?' అన్నాడట. పక్కవాళ్లు పలకరించడం మానేశారు. వాడొచ్చి ఆ మూల కూచుని, 'ఈ పట్టీ కట్టుకుంటే నా నడుము వెనక్కి లాగుతోంది తొరా, ఇంజిన్ చప్పుడు కాస్త మారినా నా చెయ్యి దానంతటదే వెనక్కి తిప్పేస్తోంది' అని ఏడ్చాడు. విప్పెయ్యమంటే విప్పేదాన్ని కాదు కదా. అందుకని వాళ్ల పంతులుగారి దగ్గరికి పోయాడు. మీ ఆయన దగ్గరికి."

"ఆయనేమన్నారు?"

"ఆయనా?" తొరా పెదవి విరిచింది. "ఆయన తన నడుమున ఉన్నది విప్పి ఇచ్చాడు. 'మా ఆవిడది నిక్కచ్చి లెక్కరా, ఒక మనిషికి ఒక ముడి. ఇందులో పులులూ గిలులూ లేవు, నిన్నెవరూ వెనక్కి లాగరు. నీది నేను కట్టుకుంటాలే' అన్నాడట, నవ్వుతూ. మొదటి రెండుసార్లూ యనసే నాతో వెళ్లొస్తాను అన్నాడు, నోరు జారి. వాళ్లు అలా అనకూడదుగా. మూడోసారి వెళ్తాను అన్నాడు. అప్పుడే తెలిసిపోయింది నాకు, నడుముకున్నది నాది కాదని."

"వెళ్లాడా?"

"మీ పట్టీ కట్టుకుని వెళ్లాడు. వెళ్లాక ఇంకేముంది?"

కినుయోకు వంతెన మీద మంచు గుర్తొచ్చింది. ముప్ఫై వేస్తానన్న ఆవిడ ఎర్రబడ్డ చేతులు గుర్తొచ్చాయి. వద్దండీ, ఒక్కటే. ఆ ముక్క అన్నప్పుడు తనకెంత గర్వంగా ఉండిందో కూడా గుర్తొచ్చింది.

"నాదానికి రెండుసార్లు తిరిగొచ్చినవాణ్ణి మీది ఒక్కసారికే తీసుకుపోయింది," అంది తొరా. గొంతు పెంచలేదు. "చివరి క్షణంలో వాడి పొట్ట మీదున్నది మీ చేతి గుడ్డ. నాది కాదు. నేను మీ మీద ఎంత మండిపడ్డానో మీకు తెలుసా? మొహం కూడా చూడకుండానే! ఎలా ఉంటుందో ఆవిడ, ఉత్తరాది మనిషి, చదువుకున్నది, తెల్లగా ఉంటుంది కాబోలు అనుకుని పళ్లు నూరుకున్నా."

ఒకరినొకరు చూడకుండానే ఇద్దరూ ఒకే పని చేస్తూ వచ్చారన్నమాట. నవ్వొచ్చే సంగతే. నవ్వే స్థితిలో ఇద్దరూ లేరు.

"ఇంకోటి చెప్పనా? మీ ఆయన మీకు చెప్పి ఉండడు," అంది తొరా. "పోయిన వారం ఆయన కూడా లేచాడు."

"అబద్ధం!"

"కొండ దాటేదాకా మా పెద్దమ్మా నేనూ చూశాం. గంటన్నరకి తిరిగొచ్చాడు. రెక్క కింద ఏదో ఊడిపోయిందట. ఊడిందో లేదో గాని, నడుముకున్నవి నా ముడులు."

కినుయో వెదురు గుంజ పట్టుకుంది. పోయిన వారం. అప్పటికి తను రైలు కూడా ఎక్కలేదు. ఇంట్లో కూర్చుని పిల్లల కుట్లు దిద్దుతోంది. ఆ పూట ఆయన పోయి ఉండాల్సింది. పోలేదు. బతికి వచ్చి, నిన్న తన ముందు కూర్చుని టీ తాగి, అత్తగారి మోకాళ్ల గురించి అడిగాడు. సంతోషంతో ఊపిరాడలేదు ఆవిడకు. ఆ వెనకే, ఆ సంతోషాన్ని తోసుకుంటూ పాత మంట మళ్లీ లేచింది. తన వెయ్యి ముడులు చెయ్యలేని పని ఈ పిల్ల ఇరవై ముడులు చేశాయి. ఆయన బతికున్నది ఇంకో ఆడదాని దారంతో. ఇంతకంటే ఆయన ఈ పిల్లతో తిరిగాడని విన్నా బాగుండేదేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది. మనసు అంత పాడుది.

కాని మూడు గంటలకు ఆయన వస్తాడు. రేపో ఎల్లుండో వాన ఆగుతుంది. మళ్లీ లేస్తాడు. కినుయో గుంజ వదిలేసి, కుట్టు పంతులమ్మ, లెఫ్టినెంటు గారి భార్య, తన జన్మలో ఎవరికీ వంచని తల వంచింది.

"తొరా. ఇది ఆయన నడుముకే ఉండనీ. నీ కాళ్లు పట్టుకుంటాను. నీ ముడులైనా సరే. ఆయన్ని రానీ."

"రానివ్వను," అంది తొరా. "అది నాది. ఇలా ఇవ్వండి."

"ఎందుకు నీకు?"

"ఎందుకా? నావాడు పోయాడు. మీవాడు నా దారంతో ఎందుకు తిరిగిరావాలి? రోజూ సాయంత్రం నీ మొగుడు నీ పక్కన కూచుని అన్నం తింటుంటే, నేనిక్కడ ఎవరి చొక్కాలో పిండుకుంటూ ఉండాలా? నా ముడులు నేను విప్పేసుకుంటా. కుట్టినదానికి విప్పే హక్కుంది."

మీరు అన్నది నువ్వు అయిపోయిందని ఇద్దరికీ తెలియలేదు. తొరా గూట్లోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసింది, ఎడమచేత్తో. రెండో చేత్తో పట్టీ కొస పట్టుకుని లాగింది. కినుయో వదల్లేదు. కత్తెర టక్కుమంది. ఎర్రదారం ముక్క ఒకటి తొట్టినీళ్లలో పడింది.

ఇరవై పోయి పంతొమ్మిదయ్యాయి.

కినుయో ఏం చేస్తోందో ఆవిడకే తెలియలేదు. పట్టీని ఒక్క గుంజు గుంజి లాక్కుంది. రెండడుగులు వెనక్కి వేసి, పైబట్ట పైకెత్తి, తన నడుముకే రెండు చుట్లు చుట్టి ముడి బిగించేసింది. మీద బట్ట దించి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు విప్పు చూద్దాం!"

"అది మగవాళ్లు కట్టుకునేది!"

"అయితే ఏం? నేనూ యుద్ధానికే వచ్చాను."

తొరా కత్తెరతో ముందుకొచ్చేదే. అంతలో వీధివైపు నుంచి లారీ చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఆగిపోయారు. లారీ చప్పుడు అంత స్పష్టంగా ఎలా వినిపించిందా అని తలెత్తి చూశారు. పాక కప్పు మీద చప్పుడు లేదు. పొద్దుటి నుంచి చెవుల్లో మోగుతున్న వాన ఎప్పుడో ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

"తొరా! తల్లీ! ఇలా రండర్రా!" సవా పిన్ని కేకేసింది.

ముందుగదిలో సెయిగో నిలబడి ఉన్నాడు. బూట్లు విప్పలేదు. గుమ్మం దగ్గరి మెట్టు మీద ఒక కాలు పెట్టి, లోపలికి రావడమా మానడమా అన్నట్టున్నాడు. మూడు గంటల మనిషి పన్నెండుకే వచ్చేశాడు. వాకిట్లో లారీ ఇంజిన్ ఆపకుండానే ఉంది. దాని పక్కన కెప్టెన్ హిరాగా సిగరెట్టు వెలిగించుకుంటూ, వాళ్లకు సగం వీపు తిప్పి నిలబడ్డాడు.

"పది నిమిషాలు ఇచ్చారు," అన్నాడు సెయిగో. "ఆకాశం విచ్చుకుంటోంది. రేపు పొద్దున్నే."

 రైల్లో మూడు రోజులు కూడబలుక్కున్న మాటల్లో ఏది ముందు అనాలో కినుయోకు తేలలేదు. 

"నిన్న ఇక్కడ ఒక పట్టీ మరిచిపోయాను కినుయో. చూశావా?" అని, ఆవిడ వెనకాల నిలబడ్డ పిల్లను చూశాడు. "తొరా, నువ్వూ ఉన్నావా? మంచిదే అయింది. అది నీదే అమ్మా. యనసేకి నువ్విచ్చింది. నీకు ఇచ్చేసి పోదామని వచ్చాను."

తొరా అడిగింది అదే. పొద్దుటి నుంచి, కాదు, మే నెల నుంచి అదే. ఇప్పుడు అడక్కుండానే ఇస్తున్నాడు. ఒక్క వేలు ఎత్తి కినుయో నడుము వైపు చూపిస్తే చాలు.

"ఎందుకండీ ఇచ్చేయడం?" కినుయో గొంతు కీచుగా వచ్చింది.

సెయిగో వాకిలి వంక ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అది కట్టుకుంటే నడుము వెనక్కి లాగుతోంది."

తొరా మొహం తెల్లగా పాలిపోయింది. కుంపట్ల పక్కన కూర్చుని ఏడ్చినవాడు మళ్లీ లేచి వచ్చి అవే అక్షరాలు పలికినట్టయింది ఆ పిల్లకు. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని మెల్లగా వీపు వెనక్కి దాచుకుంది.

"నేను తీసుకోను లెఫ్టినెంటు గారూ," అంది గట్టిగా. "ఇవాళ తీసుకోను. మీరు తిరిగొచ్చాక మీ చేత్తోనే ఇవ్వండి."

సవా పిన్ని చేతిలో పళ్లెం నేల మీద పడింది.

తిరిగొచ్చాక! ఆ ఊళ్లో ఇంకే మాటైనా అనొచ్చు. తిరిగి రావడానికి కాకుండా పోయేవాళ్లతో ఆ ఒక్క మాట అనకూడదు. పోయిన నెల టీ కొట్టు ముసలావిడ చెయ్యూపుతూ అనేసింది. సిపాయిలు వచ్చి విజయం మీద నమ్మకం లేదా అని అడిగి తీసుకుపోయారు. కొట్టు ఇప్పటికీ మూసే ఉంది.

 వాకిట్లో సిగరెట్టు బురదలో పడింది. కెప్టెన్ హిరాగా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వెలుగు ఆయన వీపు వెనక ఉండటంతో మొహం కనబడలేదు.

"ఆడమనిషి గొంతు వినిపించింది," అన్నాడు. "తిరిగొచ్చాక అన్నది ఎవరు?"

 తొరా ఊపిరి కినుయో మెడకు తగులుతోంది. కినుయో భర్త మొహం చూసింది. ఆయన ఆ పిల్ల వంకే చూస్తున్నాడు. రెండేళ్ల కాపురంలో తన వంక ఒక్కసారీ అలా చూడలేదు. దాహంతో చచ్చిపోయేవాడు నీళ్ల వంక చూసినట్టు చూస్తున్నాడు. ఎందుకు చూడడు? ఇన్నాళ్లలో ఆయనతో ఆ మాట అన్న మనిషి ఆ పిల్ల ఒక్కతే. పెళ్లాం అనలేదు. స్టేషన్లో జెండా ఊపుతూ ఘనంగా వెళ్లండి అంది పెళ్లాం. నిన్న టీ పోస్తూ కూడా అనలేదు. మూడు రోజులు నోట్లో పెట్టుకుని తెచ్చిన మాటను బట్టలుతికే పిల్ల ఒక్క క్షణంలో అనేసింది.

ఆయన్ని బతికించింది ఆ పిల్ల ముడులు. బాగానే ఉంది. ఈ మాట కూడా ఆ పిల్లదేనా?

కినుయో తొరాను పక్కకి నెట్టి, మెట్టు దిగి, కెప్టెన్ బురద బూట్ల ముందుకు వెళ్లి నిలబడింది.

"నేను," అంది. "నేనన్నాను. మళ్లీ అనమంటారా?"